40 సిస్టమ్‌లు, ఒక్క పెన్‌డ్రైవ్, సోమవారం ప్రాక్టికల్స్: దారి చెప్పండి

ల్యాబ్_మాస్టారు
డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోనే అయిపోయిందన్న సంగతి మా మేనేజ్‌మెంట్‌కి మొన్న గుర్తొచ్చింది. "అన్నిటికీ కొత్తది వేసెయ్యండి" అని చెప్పి వెళ్లిపోయారు. సోమవారం నుంచి ప్రాక్టికల్స్. ఈ రోజు మంగళవారం.

మొత్తం 40 సిస్టమ్‌లు. 16 కొత్తవి, ఐ5 పన్నెండో జనరేషన్, ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ. మిగతా 24 పాతవి, ఐ3 నాలుగో జనరేషన్, 8 జీబీ ర్యామ్. పాతవాటికి రెండేళ్ల కిందట 240 జీబీ ఎస్ఎస్‌డీలు వేయించాం, పాత 500 జీబీ హార్డ్‌డిస్క్‌లు కూడా లోపలే ఉన్నాయి.

రూఫస్ అనే టూల్‌తో బూట్ పెన్‌డ్రైవ్ చేసుకుని పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి అయినవి ఆరు. ఏడో దాంట్లో "డ్రైవ్‌లు ఏమీ కనబడలేదు" అంటుంది. పాతవాటిలో అయితే పెన్‌డ్రైవే బూట్ మెనూలో రావడం లేదు. పైగా వేసిన ఆరింట్లో నాలుగు ఏ ఎడిషన్ కావాలో అడగకుండానే ప్రో బదులు హోమ్ సింగిల్ లాంగ్వేజ్ అయి కూర్చున్నాయి.

ఈ నెక్స్ట్, నెక్స్ట్ నొక్కే పని లేకుండా దానంతట అది అయిపోయే ఉపాయం ఉందా?

బ్లూస్క్రీన్_బాబాయ్
రోజుకి ఆరు. ఆదివారం కూడా పని చేస్తే వచ్చే సోమవారానికి అయిపోతాయి. ప్రాక్టికల్స్ ఒక్క వారం జరపమనండి.

సీటీసీ_చిన్నా
బాబాయ్ మొదలుపెట్టేశాడు.

మాస్టారూ, పాతవాటి సంగతి: మీరు రూఫస్‌లో జీపీటీ, యూఈఎఫ్ఐ (కొత్త బూట్ పద్ధతి) పెట్టి ఉంటారు. ఆ ఐ3 బోర్డులు లెగసీ (పాత బూట్ పద్ధతి) మోడ్‌లో ఉండి ఉంటాయి. లెగసీలో ఉన్న బోర్డుకి అలా చేసిన పెన్‌డ్రైవ్ కనబడదు. బయోస్‌లోకి (బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి బూట్ మోడ్ యూఈఎఫ్ఐకి మార్చండి, కనబడుతుంది. మా షాపులో వారానికి పది మంది ఇదే అడుగుతారు, అందులో ఆరుగురు పెన్‌డ్రైవ్ పాడైందని కొత్తది కొనుక్కుని వస్తారు. నేనేం వద్దనను.

నైట్‌షిఫ్ట్_నాని
ఏడో దానికి జవాబు: వీఎండీ, ఇంటెల్ స్టోరేజ్ సెట్టింగ్. ఇంటెల్ పదకొండో జనరేషన్ నుంచి చాలా సిస్టమ్‌లలో ఎన్‌వీఎంఈ దాని వెనక దాక్కుంటుంది. విండోస్ ఇన్‌స్టాలర్‌లో ఆ డ్రైవర్ లేకపోతే డిస్క్ లేదంటుంది. రెండు దారులు. బయోస్‌లో వీఎండీ ఆపడం, లేదా ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్‌ని విప్పి పెన్‌డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టుకుని "లోడ్ డ్రైవర్" దగ్గర చూపించడం. మొదటి ఆరూ ఎలా అయ్యాయంటే వాటిలో ఆ సెట్టింగ్ ఆఫ్‌లో ఉండి ఉంటుంది. ఒకే రోజు ఒకే లారీలో వచ్చిన సిస్టమ్‌లు కూడా ఒక్కలా ఉండవు.

గోదారి_గీక్
రూఫస్ వదిలేసి వెంటాయ్ వాడండి. ఒకసారి పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే చాలు, ఆ తర్వాత ఐఎస్ఓ (ఇన్‌స్టాలర్ డిస్క్) ఫైళ్లని మామూలుగా కాపీ చేసుకోవడమే. విండోస్, ఉబుంటు, క్లోన్‌జిల్లా అన్నీ ఒకే దాంట్లో. నా 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో 11 ఐఎస్ఓలు ఉన్నాయి.

కెర్నల్_కామేశ్వరి
11 ఐఎస్ఓల్లో వాడేది రెండు అయి ఉంటాయి.

వెంటాయ్ మంచిదే కానీ దాని సోర్స్‌లో ముందే కంపైల్ చేసిన బైనరీలు చాలా ఉన్నాయని 2024లో పెద్ద గొడవ జరిగింది. ఇంట్లో వాడుకోవడానికి నాకు అభ్యంతరం లేదు, ఆఫీసు సర్వర్ల దగ్గరికి మాత్రం తీసుకెళ్లను. సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని బూట్ ప్రోగ్రాములని ఆపే రక్షణ) ఆన్‌లో ఉంటే మొదటిసారి ప్రతి సిస్టమ్‌లోనూ దాని కీని నమోదు చేయాలి. 40 సార్లు ఆ నీలం స్క్రీన్ దగ్గర బాణం గుర్తులు నొక్కుతూ కూర్చోవాలి.

గోదారి_గీక్
సెక్యూర్ బూట్ ఆపేస్తే సరి.

కెర్నల్_కామేశ్వరి
అది కూడా 40 సార్లు బయోస్‌లోకి వెళ్లడమే కదా గురూ.

సీటీసీ_చిన్నా
పాత 24కి విండోస్ 11 వేయాలంటే రూఫస్‌లోనే టిక్కు ఉంది, టీపీఎం (సెక్యూరిటీ చిప్) చెక్ తీసేస్తుంది. ఐదు నిమిషాల పని.

డల్లాస్_రవి
చిన్నా, కాలేజీకి ఆ సలహా ఇవ్వకు. నాలుగో జనరేషన్ మైక్రోసాఫ్ట్ లిస్టులోనే లేదు, ఎనిమిది నుంచే మొదలు. టిక్కు పెడితే ఎక్కుతుంది, నిజమే. రేపు ఏడాదికొకసారి వచ్చే పెద్ద అప్‌డేట్ వాటంతట అవి తెచ్చుకోవు. అప్పుడు మాస్టారు మళ్లీ పెన్‌డ్రైవ్ పట్టుకుని 24 కుర్చీలు తిరగాలి. పాతవాటికి లినక్స్ వేసేయండి. డిగ్రీలో సీ, పైథాన్, జావాయేగా.

సీటీసీ_చిన్నా
నా సొంత ఇంట్లో మూడో జనరేషన్ మీద 11 రెండేళ్లుగా నడుస్తుంది. అమెరికాలో కూర్చుని చెప్పడం తేలిక అన్నా, ఇక్కడ మేనేజ్‌మెంట్‌కి లినక్స్ అంటే "అది హ్యాకింగ్‌ది కదా" అంటారు.

ల్యాబ్_మాస్టారు
చిన్నా గారు చెప్పినట్టు యూఈఎఫ్ఐ మార్చాను, పాతవాటిలో పెన్‌డ్రైవ్ వచ్చింది. వీఎండీ కూడా అదే. ఇద్దరికీ దండాలు.

పాత 24కి లినక్స్ అయితే నాకు ఇష్టమే. ఒకటే బాధ, మా దగ్గర ఇంకా టర్బో సీ (డాస్ కాలం నాటి సీ కంపైలర్) నడుస్తుంది.

బ్లూస్క్రీన్_బాబాయ్
టర్బో సీ! నీలం స్క్రీన్! నా వయసు పదేళ్లు తగ్గింది.

కెర్నల్_కామేశ్వరి
డాస్ ప్రోగ్రాములు నడిపే డాస్‌బాక్స్ లినక్స్‌లోనూ ఉంది, టర్బో సీ అందులో చక్కగా నడుస్తుంది. పిల్లలకి తేడా కూడా తెలియదు.

ఇక అసలు ప్రశ్నకి వద్దాం. "దానంతట అది" అంటే విండోస్‌కి ఆన్సర్ ఫైల్ ఉంటుంది. ఆటోఅన్‌అటెండ్ అనే పేరుతో ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్ తయారు చేసి పెన్‌డ్రైవ్‌లో ఏ ఫోల్డర్‌లోనూ కాకుండా బయటే పెట్టాలి. సెటప్ మొదలవగానే దాన్ని వెతుక్కుని భాష, కీబోర్డ్, ఎడిషన్, యూజర్ పేరు, టైమ్‌జోన్ అన్నీ అందులోంచే తీసుకుంటుంది. మైక్రోసాఫ్ట్ సొంత టూల్ విండోస్ ఏడీకే కిట్‌లో వస్తుంది. మొదటిసారి దాన్ని తెరిచినవాళ్లకి వైరాగ్యం వస్తుంది. వెబ్‌లో ఫారం నింపితే ఫైల్ తయారు చేసిచ్చే జనరేటర్లు ఉన్నాయి, అవి చాలు.

మీ సింగిల్ లాంగ్వేజ్ గొడవ కూడా ఇక్కడే తీరుతుంది. బ్రాండెడ్ సిస్టమ్‌లకి కంపెనీ వాళ్లే బయోస్‌లో కీ పెట్టి పంపుతారు. మన దేశంలో అమ్మేవాటిలో ఎక్కువగా హోమ్ సింగిల్ లాంగ్వేజే. సెటప్ ఆ కీ చూసి మిమ్మల్ని అడక్కుండానే ఆ ఎడిషన్ వేసేస్తుంది. ఆన్సర్ ఫైల్‌లో ప్రో కీ రాస్తే దీన్నే పట్టించుకుంటుంది. జెనరిక్ ప్రో కీ రాస్తే ఎడిషన్ మాత్రం వస్తుంది, యాక్టివేషన్ కాదు. దానికి కాలేజీ దగ్గర నిజమైన లైసెన్స్ ఉండాలి.

ఇంకో మాట. అందులో రాసిన అడ్మిన్ పాస్‌వర్డ్ చూడటానికి గజిబిజిగా ఉంటుంది కానీ అది బేస్64, తాళం కాదు. ఎవడైనా విప్పేస్తాడు. పెన్‌డ్రైవ్ ల్యాబ్‌లో వదిలేసి టీకి వెళ్లకండి.

గోదారి_గీక్
టెలిగ్రామ్‌లో "ప్రీ యాక్టివేటెడ్" ఐఎస్ఓలు దొరుకుతాయి, ఈ తలనొప్పులేవీ ఉండవు. 😀

కెర్నల్_కామేశ్వరి
నవ్వు బొమ్మ పెట్టావు కాబట్టి వదిలేస్తున్నా. మాస్టారూ, ఐఎస్ఓ మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే దించుకోండి, ఫైల్ మారలేదని తెలిపే ఎస్‌హెచ్ఏ256 కోడ్ సరిపోల్చుకోండి. దానికి విండోస్‌లో సర్ట్‌యుటిల్ అనే కమాండ్ ముందే ఉంటుంది.

సిస్టమ్స్_సుబ్బు
ఆన్సర్ ఫైల్ అనగానే నాకు చెమట పడుతుంది. చెప్తాను వినండి, మాస్టారి ల్యాబ్‌కి ఇది అక్షరాలా వర్తిస్తుంది.

ఆరేళ్ల కిందట రాజమండ్రిలో ఒక ఆడిటర్ ఆఫీసుకి తొమ్మిది సిస్టమ్‌లు ఫార్మాట్ చేసే పని ఒప్పుకున్నా. మార్చి 20. సీజన్ కాబట్టి రాత్రి పూటే చేయాలి. అప్పుడే ఆన్సర్ ఫైల్ నేర్చుకున్నా, చాలా గర్వంగా ఉంది. మా ఇంట్లో సిస్టమ్ మీద మూడు సార్లు పరీక్షించా. అందులో ఒక్కటే డిస్క్.

ఫైల్‌లో డిస్క్ 0 తుడిచెయ్, అందులో విండోస్ వెయ్ అని ఉంది. ఎనిమిది అయిపోయాయి. తొమ్మిదోది అకౌంటెంట్ అమ్మాయిది. పెన్‌డ్రైవ్ పెట్టి, స్టార్ట్ చేసి, కింద బండి దగ్గర ఇడ్లీ తిని వచ్చా. స్క్రీన్ మీద 34 శాతం. అప్పుడు చూశా, హార్డ్‌డిస్క్ లైటు మామూలుగా కాకుండా గరగర శబ్దంతో వెలుగుతుంది. ఎస్ఎస్‌డీకి శబ్దం ఎందుకు? ఎస్ఎస్‌డీ రెండో పోర్టులో ఉంది. డిస్క్ 0 అంటే 1 టీబీ హార్డ్‌డిస్క్. ట్యాలీ డేటా మొత్తం అందులోనే.

ప్లగ్ పీకేశా. పీకి ఏం లాభం, పార్టిషన్లు తుడిచేది మొదటి నిమిషంలోనే. పోయిన డేటా వెతికే టెస్ట్‌డిస్క్‌తో తెల్లారేదాకా కూర్చుంటే స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు కొన్ని దొరికాయి, ట్యాలీ ఫోల్డర్ దొరకలేదు. 11 రోజుల కిందటి బ్యాకప్ ఆడిటర్ గారి మెయిల్‌లో ఉంది. ఆ 11 రోజుల ఎంట్రీలు అమ్మాయి మళ్లీ కొట్టింది, నేను పక్కన కూర్చుని వోచర్లు చదివా. నాలుగు రోజులు. డబ్బులు అడగలేదు, ఆయన ఇవ్వలేదు.

మాస్టారి పాత 24లోనూ రెండేసి డిస్క్‌లు.

బ్లూస్క్రీన్_బాబాయ్
ఇడ్లీ బాగుందా?

సిస్టమ్స్_సుబ్బు
ఇప్పటికీ ఆ వీధిలోకి వెళ్లను బాబాయ్.

ల్యాబ్_మాస్టారు
చేతులు ఆడటం లేదు. ఆ 500 జీబీ వాటిలో గత మూడేళ్ల పిల్లల ప్రాజెక్టులు ఉన్నాయి. బ్యాకప్ అంటూ వేరే లేదు.

నైట్‌షిఫ్ట్_నాని
మాస్టారూ, విండోస్ ఫైల్‌లో డిస్క్ భాగం రాయకండి. ఆ ముక్క లేకపోతే సెటప్ ఆ ఒక్క పేజీ దగ్గర ఆగి మిమ్మల్ని అడుగుతుంది, మిగతావన్నీ దానంతట అవే అవుతాయి. సిస్టమ్‌కి రెండు నొక్కులు. 16కి 32 నొక్కులు, పర్లేదు.

డల్లాస్_రవి
ఉబుంటు లినక్స్‌లో ఈ విషయం కాస్త నయం. ఆటోఇన్‌స్టాల్ ఫైల్‌లో డిస్క్ నంబరు బదులు లక్షణం రాయొచ్చు. "అన్నిటికంటే చిన్న డిస్క్" అని రాస్తే 240 జీబీ దొరుకుతుంది, 500ని ముట్టుకోదు.

కెర్నల్_కామేశ్వరి
చిన్నది అని రాయొద్దు రవి గారూ. ఆన్సర్ ఫైల్ కోసం రెండో పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంచితే అదే చిన్నది కావచ్చు. 24 ఎస్ఎస్‌డీలూ ఒకేసారి కొన్నవైతే మోడల్ పేరు రాయండి. సరిపోయేది లేకపోతే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, ఆగడమే మనకి కావలసింది.

ఉబుంటు 24.04 డెస్క్‌టాప్‌కి కూడా ఆటోఇన్‌స్టాల్ ఉంది, సర్వర్‌కి 20.04 నుంచే ఉంది. చేసే పద్ధతి: ఒక పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు. ఇంకో చిన్న పెన్‌డ్రైవ్‌కి సీఐడేటా అని పేరు పెట్టి అందులో యూజర్‌డేటా, మెటాడేటా ఫైళ్లు. మెటాడేటా ఫైల్ ఖాళీగా ఉన్నా ఉండాలి. పాస్‌వర్డ్ హ్యాష్ చేసి (తిరిగి విప్పలేని రూపంలోకి మార్చి) రాయాలి. చివర్లో నడిచే కమాండ్ల చోట డాస్‌బాక్స్, జావా, పైథాన్ ఎడిటర్ అన్నీ వేయించుకోవచ్చు. ఇది యామల్ ఫైల్, వరస ముందు ఒక్క ఖాళీ తేడా వచ్చినా మొత్తం పోతుంది. ట్యాబ్ నొక్కారో అంతే.

బూట్ లైన్‌లో ఆటోఇన్‌స్టాల్ అనే మాట చేర్చకపోతే తుడిచే ముందు ఒకసారి "యెస్" అని కొట్టమని అడుగుతుంది. చేర్చకండి. ఆ ప్రశ్న అడగనివ్వండి.

గోదారి_గీక్
ఇంత కష్టం ఎందుకు, పీఎక్స్‌ఈ పెట్టేయండి. పెన్‌డ్రైవే అక్కర్లేదు, నెట్‌వర్క్ నుంచి 24 ఒకేసారి లేస్తాయి.

నైట్‌షిఫ్ట్_నాని
సోమవారం లోపల పీఎక్స్‌ఈ నేర్చుకోమనడం మాస్టారి మీద పగే.

నేను కొత్తలో చేసింది చెప్తా. బూట్ సర్వర్ కోసం నా ల్యాప్‌టాప్‌లో డీహెచ్‌సీపీ (సిస్టమ్‌లకి ఐపీ అడ్రస్‌లు ఇచ్చేది) ఆన్ చేసి కేబుల్‌ని గోడ సాకెట్‌కి పెట్టా. అది ల్యాబ్ వరకే అనుకున్నా. పదిహేను నిమిషాల్లో పై అంతస్తు అకౌంట్స్ వాళ్లు నెట్ రావడం లేదని దిగారు. వాళ్ల సిస్టమ్‌లన్నీ నా ల్యాప్‌టాప్ దగ్గర ఐపీ తీసుకుని గేట్‌వే లేక కొట్టుకుంటున్నాయి. ఆ రోజు జీతాలు వేసే రోజు. ఇప్పుడైతే డీఎన్ఎస్‌మాస్క్ అనే సర్వర్ ప్రోగ్రామ్‌ని ప్రాక్సీ మోడ్‌లో పెడతా, ఐపీ పాత రౌటరే ఇస్తుంది, బూట్ సంగతి మాత్రమే మనది చెప్తుంది.

డల్లాస్_రవి
పీఎక్స్‌ఈ కథ నాదీ ఒకటి. 2010 ప్రాంతంలో హైదరాబాద్‌లో, సెంటోస్ 5 లినక్స్, దాని ఆన్సర్ ఫైల్ కిక్‌స్టార్ట్. సర్వర్లకి నెట్‌వర్క్ మొదటి బూట్‌గా పెట్టి సాయంత్రం ఆన్ చేసి ఇంటికెళ్లా. ఇన్‌స్టాల్ అవుతుంది, రీబూట్ అవుతుంది, మళ్లీ నెట్‌వర్క్ నుంచి లేచి మళ్లీ ఇన్‌స్టాల్ అవుతుంది. పొద్దున వచ్చేసరికి ఒక్కొక్కటీ ఇరవై సార్లకి పైగా ఫ్రెష్‌గా ఉంది. నెట్‌వర్క్ ఇన్‌స్టాల్ టూల్ కాబ్లర్‌లో "ఒక్కసారే" అనే సెట్టింగ్ ఊరికే పెట్టలేదు.

బ్లూస్క్రీన్_బాబాయ్
అమావాస్యకి అమావాస్యకి గుండు కొట్టించుకున్నట్టు.

సీటీసీ_చిన్నా
క్లోన్‌జిల్లా ఎవరూ చెప్పరేం? ఒకటి చక్కగా తయారు చేసి ఇమేజ్ తీసి 23కి కొట్టేయొచ్చు.

నైట్‌షిఫ్ట్_నాని
ల్యాబ్ స్విచ్ ఎంత స్పీడో చూడాలి. 100 ఎంబీపీఎస్‌ది అయితే సెకనుకి 11, 12 ఎంబీ. 20 జీబీ ఇమేజ్‌కి అరగంట. ఒక్కొక్క దానికి విడిగా పంపితే 23 కలిపి పదకొండున్నర గంటలు. మల్టీకాస్ట్ అయితే అందరికీ ఒకే అరగంట, కానీ ఒకటి నెమ్మదిస్తే అన్నీ నెమ్మదిస్తాయి.

గోదారి_గీక్
విండోస్‌ని క్లోన్ చేస్తే ముందు సిస్‌ప్రెప్ (సిస్టమ్ గుర్తింపు తుడిచే విండోస్ టూల్) చేయాలి, లేకపోతే ఎస్ఐడీలు (సిస్టమ్ గుర్తింపు నంబర్లు) ఒకటే అయిపోతాయి.

సిస్టమ్స్_సుబ్బు
ఎస్ఐడీ కథ అపోహ అని మైక్రోసాఫ్ట్‌లోని మార్క్ రస్సినోవిచ్ 2009లోనే రాశాడు కదా. ఎస్ఐడీ మార్చే న్యూఎస్ఐడీ టూల్‌ని కూడా ఆపేశారు.

కెర్నల్_కామేశ్వరి
ఆయన మాట పట్టుకుని సిస్‌ప్రెప్ మానేసినవాళ్లకి 2025 ఆగస్టు చివరి అప్‌డేట్ల తర్వాత తెలిసొచ్చింది. విండోస్ 11 వెర్షన్లు 24హెచ్2, 25హెచ్2ల్లో ఎస్ఐడీ ఒకటే అయిన సిస్టమ్‌లు ఒకదాన్నొకటి లాగిన్ కానివ్వడం లేదు. షేర్డ్ ఫోల్డర్లు తెరుచుకోవు, రిమోట్ డెస్క్‌టాప్ రాదు. సిస్‌ప్రెప్‌తో జనరలైజ్ చేసి ఇమేజ్ తీయండి, వాదన ఉండదు.

సిస్టమ్స్_సుబ్బు
ఇది తెలియదు. మా క్లయింట్ ఒకరికి ప్రింటర్ షేరింగ్ పోయి రెండు వారాలుగా కేబుల్ మారుస్తున్నా!

సీటీసీ_చిన్నా
కేబుల్ ఎన్నిసార్లు మార్చావు అన్నా?

సిస్టమ్స్_సుబ్బు
మూడు. రెండు నీ షాపులోనే కొన్నా అనుకుంటా.

ల్యాబ్_మాస్టారు
గురువారం రాత్రి. అందరూ చెప్పింది కలిపి ఇలా చేశాను.

కొత్త 16కి ఆన్సర్ ఫైల్, డిస్క్ పేజీ మాత్రం చేత్తో. ప్రో కీ రాశాను, లైసెన్స్ కాగితాలు ఆఫీసు బీరువాలో దొరికాయి, మూడేళ్లుగా ఎవరూ తీయలేదు. మొదట ఒక్క సిస్టమ్ మీద చూసి తర్వాత మూడు పెన్‌డ్రైవ్‌లతో తిరిగాను. మధ్యాహ్నం రెండింటికి అన్నీ అయిపోయాయి.

పాత 24కి ఉబుంటు. యామల్‌లో రెండు సార్లు దెబ్బ తిన్నాను, రెండూ ఖాళీల గొడవే. మోడల్ పేరుతో రాశాను. 19 చక్కగా అయ్యాయి. రెండింట్లో ఎర్రర్ ఇచ్చి ఆగింది. విప్పి చూస్తే ఎస్ఎస్‌డీ వారంటీలో మార్చి ఇచ్చినవి, వేరే మోడల్. కామేశ్వరి గారూ, మీరు చెప్పిన ఆగడం ఇదే.

మిగతా మూడు ఎంతకీ కావడం లేదు. ఇన్‌స్టాల్ మొదలవుతుంది, ప్యాకేజీలు దించే దగ్గర రిలీజ్ ఫైల్ ఇంకా చెల్లదు అని ఏదో అంటుంది. నెట్ ఉంది, పక్కదానికి అదే కేబుల్‌తో అయింది.

కెర్నల్_కామేశ్వరి
ఆ మూడింట్లో తేదీ ఎంత చూపిస్తుంది?

ల్యాబ్_మాస్టారు
2014 జనవరి 1.

సీటీసీ_చిన్నా
బోర్డు మీద సెల్ అయిపోయింది. సీఆర్2032, గుండ్రంగా ఉంటుంది, వాచీల షాపులో కూడా దొరుకుతుంది. అది పోతే బయోస్ సెట్టింగులు కూడా నిలవవు, మీరు మార్చిన యూఈఎఫ్ఐ కరెంటు పోగానే లెగసీకి వెళ్లిపోతుంది. 24కీ మార్చేయండి, మిగతావీ అదే వయసువి.

గోదారి_గీక్
2014లో ఉన్న సిస్టమ్‌కి 2024 నాటి ఉబుంటు అంటే ఇంకా పుట్టలేదు మరి.

ల్యాబ్_మాస్టారు
శుక్రవారం. సెల్ వేసి తేదీ సరిచేయగానే మూడూ అయిపోయాయి. వేరే మోడల్ ఎస్ఎస్‌డీలకి ఫైల్‌లో పేరు మార్చి వేశాను. 40కి 40. టర్బో సీ కూడా వచ్చింది, నీలం స్క్రీన్ చూసి హెచ్‌ఓడీ గారు "హమ్మయ్య, అదే వేశారు కదా" అన్నారు. కింద ఉబుంటు ఉందని నేను చెప్పలేదు.

సిస్టమ్స్_సుబ్బు
ఆ 500 జీబీ డిస్క్‌ల సంగతి?

ల్యాబ్_మాస్టారు
మీ కథ విన్నాక ధైర్యం చాలలేదు. ఇన్‌స్టాల్‌కి ముందే డేటా కేబుళ్లు పీకమని మా అటెండర్‌కి చెప్పాను. ఆయన పీకడంతో ఆగకుండా స్క్రూలు కూడా విప్పి 24 డిస్క్‌లనూ బయటికి తీసి బల్ల మీద వరసగా పేర్చాడు. భద్రంగా ఉన్నాయి.

సిస్టమ్స్_సుబ్బు
ఏది ఏ సిస్టమ్‌దో వాటి మీద రాశాడా?

ల్యాబ్_మాస్టారు
17 వరకు రాశాడు. తర్వాత టేపు అయిపోయిందట.